హార్ట్ రేట్ వాచీ ఎలా ఎంచుకోవాలి: కొనే ముందు, కొన్న మొదటి వారంలో

వైజాగ్ బీచ్ రోడ్డులో పొద్దున్న పరుగు ముగించి కొబ్బరి బొండాల బండి దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు నా చేతి వంక చూసి అడుగుతారు: "గురూ, ఏ వాచీ కొనమంటావు?" ఏదో ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మీరేం వ్యాయామం చేస్తారో తెలియకుండా పేరు చెబితే అది జ్వరమో తలనొప్పో అడక్కుండా మాత్ర చేతిలో పెట్టినట్టే. పైగా మోడళ్లు ఏటా మారిపోతుంటాయి. అందుకే పేర్లు పక్కన పెట్టి, ఎంచుకునే పద్ధతి రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తా: బడ్జెట్ మొత్తం వాచీ మీదే పెట్టకండి. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత రెండు వారాల్లో మీరు చేసిన వ్యాయామాల చీటీ. చేద్దామనుకున్నవి కాదు, చేసినవి.
- మీ ఫోన్ మోడల్ పేరు.
- మణికట్టు చుట్టుకొలత. దారం చుట్టి స్కేలు మీద పెట్టి చూస్తే చాలు.
- రోజూ వేసుకునే మాత్రల చీటీ. దీనికీ వాచీకీ సంబంధం ఏమిటంటారా? ఉంది.
- కోవిడ్ రోజుల్లో కొని అల్మారాలో పడేసిన పల్స్ ఆక్సీమీటర్. బయటికి తీసి కొత్త బ్యాటరీలు వేయండి, పరీక్షకు పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. నలభై దాటి, బీపీ, షుగర్, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర వంటివి ఉంటే కొత్తగా గట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని కలవండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఛాతీకి కట్టే పట్టీ గురించి కూడా ఆయన్నే అడగాలి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉంటే, ఎంత మంచి వాచీ "అంతా బాగుంది" అన్నా నమ్మకండి. ఈసీజీ తీసే వాచీలు కూడా గుండెపోటును కనిపెట్టలేవు. ఆ మాట తయారీదార్లే చెబుతారు.

1. చీటీ చూసి, మీ వ్యాయామం ఏ రకమో తేల్చుకోండి

నడక, నెమ్మదైన పరుగు, ఒకే వేగంతో ట్రెడ్‌మిల్: వీటికి మణికట్టు మీద కొలిచే మామూలు వాచీ చాలు. చాలామంది చీటీలో ఉండేది ఇదే. అలాంటప్పుడు ఐదో మెట్టుకు వెళ్లిపోండి, డబ్బు మిగులుతుంది.

ముప్పై సెకన్లు గట్టిగా పరిగెత్తి ఆగడం, బరువులెత్తడం, బ్యాడ్మింటన్, గతుకుల రోడ్డు మీద సైకిల్: ఇవి మణికట్టు సెన్సర్‌ని తికమకపెడతాయి. డంబెల్ గట్టిగా పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలు బిగుసుకుంటాయి, మణికట్టు వంగుతుంది, సెన్సర్ కింద రక్తం కదలిక మారిపోతుంది. జిమ్‌లో స్క్వాట్లు కొట్టి ఆయాసంతో నిలబడ్డ మనిషికి వాచీ నిమిషానికి 96 దెబ్బలే చూపించడం నేను చాలాసార్లు చూశాను.

ఈత సంగతి వేరు. నీళ్లలో బ్లూటూత్ సిగ్నల్ సరిగా పోదు. కొలిచినదాన్ని తనలోనే దాచుకుని, బయటికొచ్చాక వాచీకో ఫోన్‌కో పంపే ఛాతీ పట్టీ అయితే పనికొస్తుంది.

2. ఎక్కడ కొలవాలో తేల్చుకోండి: మణికట్టా, చెయ్యా, ఛాతీయా

సిద్ధాంతం రెండు ముక్కల్లో. వాచీ వెనక వెలిగే పచ్చ లైట్లు చర్మంలోకి వెలుగు పంపుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం పెరిగి తగ్గుతుంటే, తిరిగొచ్చే వెలుగూ మారుతుంటుంది. వాచీ దాన్ని లెక్కపెడుతుంది. ఛాతీ పట్టీ అలా కాదు, గుండె పుట్టించే విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది. ఫిన్‌లాండ్‌లో 1977లో మొదలైన పోలార్ కంపెనీ 1982లోనే ఛాతీ పట్టీ నుంచి వైరు లేకుండా చేతి గడియారానికి లెక్క పంపే పరికరం తెచ్చింది. నలభై ఏళ్లు దాటినా, వ్యాయామంలో మిగతావాటిని సరిచూడటానికి ఇప్పటికీ వాడేది ఛాతీ పట్టీనే.

ఛాతీ పట్టీ ఇష్టం లేని వాళ్లు, ముఖ్యంగా స్పోర్ట్స్ బ్రా కింద మరో పట్టీ బిగుతు భరించలేని ఆడవాళ్లు, ఆర్మ్ బ్యాండ్ చూడొచ్చు. దాన్ని మోచేతికి కింద గానీ పైన గానీ కట్టుకుంటారు. పచ్చ లైటు పద్ధతే, కానీ అక్కడ కండ ఎక్కువ, కదలిక తక్కువ కాబట్టి మణికట్టు కంటే నిలకడగా కొలుస్తుంది.

నా సలహా: మీ చీటీలో గట్టి వ్యాయామాలు వారానికి రెండు సార్లయినా ఉంటే, ఓ మోస్తరు వాచీ కొని మిగిలిన డబ్బుతో పట్టీ కొనండి. 40 వేల వాచీ ఒక్కటే కొన్నవాళ్ల కంటే 12 వేల వాచీకి 4 వేల పట్టీ జోడించినవాళ్లకే అంకెలు సరిగా వస్తున్నాయి.

3. వివరాల పేజీలో ఇవి వెతకండి

దుకాణంలో కుర్రాడు స్క్రీన్ ఎంత మెరుస్తుందో, ఎన్ని వందల స్పోర్ట్స్ మోడ్‌లు ఉన్నాయో చెబుతాడు. వినండి, పర్లేదు. మీరు అడగాల్సినవి మాత్రం వేరు.

- వ్యాయామం జరుగుతుండగా ప్రతి సెకనుకూ నమోదు చేస్తుందా? "24 గంటల హార్ట్ రేట్" అని రాసినంత మాత్రాన చాలదు. కొన్ని చవక వాచీలు కొన్ని నిమిషాలకోసారి మాత్రమే కొలుస్తాయి.
- బయటి పట్టీని కలుపుకుంటుందా? ఇదే అతి ముఖ్యం. చాలా చవక వాచీలకు ఈ సదుపాయం ఉండదు, పెట్టె మీదా రాయరు. కంపెనీ సైట్‌లో యూజర్ మాన్యువల్ దించుకుని "ఎక్స్‌టర్నల్ సెన్సర్" అన్న మాట కోసం వెతకండి. బ్లూటూత్‌తోనా, యాంట్ ప్లస్‌తోనా (వ్యాయామ పరికరాలు వైరు లేకుండా కలిసే మరో పద్ధతి), రెండింటితోనా అన్నదీ చూసుకోండి. పట్టీ, వాచీ ఒకే భాష మాట్లాడాలి కదా.
- గరిష్ఠ హార్ట్ రేట్, జోన్ల హద్దులు మనం మార్చుకోవచ్చా? (జోన్లంటే గుండె వేగాన్ని బట్టి వ్యాయామాన్ని తేలిక నుంచి గట్టి వరకు విడగొట్టిన అంచెలు.)
- జోన్ దాటితే మణికట్టు మీద వణికి చెబుతుందా? పరిగెత్తుతూ పదేపదే వాచీ చూస్తే మెడ నొప్పి తప్ప లాభం లేదు.
- బటన్లు ఉన్నాయా, అంతా టచ్చేనా? మన ఉక్కపోతలో చెమట వేళ్లతో టచ్ స్క్రీన్ ఆపడం ఎంత చిరాకో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. కనీసం మొదలుపెట్టడానికి, ఆపడానికి బటన్ ఉండాలి.
- జీపీఎస్ వాడుతుంటే బ్యాటరీ ఎన్ని గంటలు? "14 రోజులు" అన్నది జీపీఎస్ ఆపేసినప్పటి లెక్క.
- నీటి రక్షణ 5 ఏటీఎం (నీటి ఒత్తిడిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే కొలత) ఉందా? చెమటకు, వానకు, స్నానానికి, మామూలు ఈతకు అది సరిపోతుంది.

వాచీతో బీపీ, షుగర్ చూసుకుందామని ఆశపడేవాళ్లకు ఒక మాట. చర్మం గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి వాచీ అంకె చూసి మాత్ర మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక బీపీ విషయానికొస్తే, శాంసంగ్ వాచీలో ఆ సదుపాయం వాడాలన్నా ప్రతి 28 రోజులకోసారి చేతికి కట్టే మామూలు బీపీ మిషన్‌తో సరిచూసుకోవాలి. అదేమీ లేకుండా బీపీ చూపిస్తానంటున్న రెండు వేల వాచీని బొమ్మ కింద లెక్కేయండి.

4. ఫోన్‌తో పొత్తు చూసుకోండి

ఆపిల్ వాచ్‌కి ఐఫోన్ కావాలి. శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లలో నాలుగో తరం నుంచి వచ్చినవి ఆండ్రాయిడ్‌తోనే పనిచేస్తాయి. గార్మిన్, పోలార్, కోరోస్, అమేజ్‌ఫిట్ వంటివి రెండింటితోనూ కలుస్తాయి. అమెరికా నుంచి అబ్బాయి పంపిన ఆపిల్ వాచ్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌కి కలపాలని ఆదివారమంతా కుస్తీ పట్టిన మాస్టారు మా పరుగు గుంపులోనే ఉన్నారు.

5. డబ్బు లెక్క

ధరలు నెలనెలా మారతాయి, దసరా దీపావళి సేల్స్‌లో ఇంకా తగ్గుతాయి. సుమారుగా అయితే ఇలా అనుకోండి. 2 వేల లోపువి ఫోన్ కాల్స్‌కి, అడుగుల లెక్కకి బాగుంటాయి, శిక్షణకు కాదు. 3 నుంచి 6 వేలలో నడకకూ నెమ్మదైన పరుగుకూ సరిపోయే బ్యాండ్లు దొరుకుతాయి. 10 నుంచి 25 వేల మధ్య జీపీఎస్ ఉండి, పట్టీని కలుపుకునే పరుగు వాచీలు వస్తాయి. ఎక్కువమంది ఇక్కడ ఆగిపోవచ్చు. ఆ పైన కట్టేది మ్యాపులకూ, టైటానియం అంచులకూ, గొప్పకూ.

ఇంకో మార్గం: వాచీ అసలు కొనకుండా ఛాతీ పట్టీ ఒక్కటే కొని ఫోన్‌లోని యాప్‌కి కలపండి. ఫోన్ జేబులో పెట్టుకుని పరిగెత్తేవాళ్లకు, జిమ్‌కి మాత్రమే వెళ్లేవాళ్లకు ఇంతకంటే చవకైన మంచి దారి లేదు.

6. సైజు, బరువు

దారం కొలత ఇప్పుడు తీయండి. మణికట్టు సన్నగా ఉంటే పెద్ద డయల్ అటూ ఇటూ ఊగుతుంది, కింద సందులోంచి వెలుగు దూరి లెక్క తప్పుతుంది. దుకాణంలో పెట్టుకుని చేతిని గట్టిగా విదిలించండి. వాచీ జరిగిందంటే ఆ సైజు మీది కాదు. ఒకే మోడల్‌లో చిన్న సైజు ఉందేమో అడగండి.

7. సరిగ్గా పెట్టుకోండి

ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

మణికట్టు ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్లంత పైన, మోచేతి వైపు పెట్టాలి. వ్యాయామానికి ముందు ఒక రంధ్రం బిగించి, అయ్యాక వదులు చేయండి. తీసేశాక చర్మం మీద చిన్న అచ్చు మిగిలితే చాలు, వేళ్లు తిమ్మిరెక్కేంత బిగించకూడదు.

గుడిలో కట్టిన దారాలు, గాజులు, కడియం: వీటిలో ఏదైనా వాచీ కిందికి చేరితే సెన్సర్ చర్మం నుంచి లేస్తుంది. దారం తీయలేకపోతే వాచీని రెండో చేతికి మార్చండి. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ రాసుకున్న చోట తుడుచుకోండి. సెన్సర్ వచ్చే చోట నల్లటి పచ్చబొట్టు ఉంటే అక్కడ అసలు పెట్టకండి.

ఛాతీ పట్టీ అయితే ఎలక్ట్రోడ్లను, అంటే లోపలివైపు చర్మానికి తగిలే భాగాలను, ముందు నీళ్లతో తడపండి. పొడి చర్మం మీద, పాలిస్టర్ టీషర్టు రాపిడికి మొదటి ఐదు నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి, చెమట పట్టాక సర్దుకుంటుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్లలో జాడించి, బ్యాటరీ ఉండే ముందరి బిళ్లను పట్టీ నుంచి విడదీసి ఆరేయండి. తడి పట్టీకి అలాగే వదిలేస్తే కొలుస్తున్నాననుకుని బ్యాటరీ తాగేస్తూ ఉంటుంది.

8. జోన్లు మీకు సరిపోయేలా మార్చండి

చాలా వాచీలు మొదటిరోజు మీ వయసు తీసుకుని 220 నుంచి తీసేస్తాయి. 42 ఏళ్లయితే గరిష్ఠం 178. 2001లో వచ్చిన మరో సూత్రం ప్రకారం 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేయాలి. నలభైలో రెండూ ఒకే అంకె ఇస్తాయి, అరవైలో మొదటిది 160 అంటే రెండోది 166 అంటుంది. రెండూ సగటులే. మీ అసలు అంకె దీనికి పది అటో ఇటో ఉండటం మామూలే. ఛాతీ పట్టీ పెట్టుకుని 5 కిలోమీటర్ల రేసు చివర్లోనో, కైలాసగిరి కొండ ఎక్కుతూనో మీరు చూసిన అతి పెద్ద అంకె సూత్రం చెప్పినదాన్ని దాటితే ఆ అంకెనే నమ్మండి.

ఇక "నా వాచీలో జోన్ రెండు 110, వాడి వాచీలో 135, ఏది తప్పు?" అన్న ప్రశ్న. రెండూ తప్పు కాదు. ఒకటి గరిష్ఠంలో శాతం లెక్కేస్తుంది, ఇంకోటి విశ్రాంతి రేటును (కదలకుండా ఉన్నప్పటి గుండె వేగాన్ని) కూడా కలుపుకుంటుంది. 42 ఏళ్ల మనిషికి గరిష్ఠం 178, విశ్రాంతి రేటు 62 అనుకుందాం. మొదటి పద్ధతిలో 60 నుంచి 70 శాతం అంటే 107 నుంచి 125. రెండో పద్ధతిలో తేడా 116 కాబట్టి, అందులో 60 నుంచి 70 శాతానికి 62 కలిపితే 132 నుంచి 143. ఒకే మనిషి, ఒకే జోన్ పేరు, అంకెలు కలవనే కలవవు. మీ వాచీ ఏ పద్ధతిలో ఉందో సెట్టింగ్స్‌లో చూసి, ఒకటి పట్టుకుని దాన్నే కొనసాగించండి.

అంకెల మీద అనుమానం వస్తే నోటితో సరిచూసుకోండి. పక్కవాడికి ఇంటి గొడవలు పూర్తి వాక్యాల్లో చెప్పగలుగుతున్నారంటే అది తేలిక జోన్. మూడు మాటలకోసారి ఊపిరి తీస్తుంటే కాదు.

మాత్రల చీటీ ఇప్పుడు చూడండి. మెటోప్రొలాల్, అటెనోలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు గుండె వేగం మామూలుగా పెరిగినంత పెరగదు, అంతగా పెరగనివ్వకపోవడమే ఆ మందు పని. మా బాబాయ్ రోజూ "జోన్ మూడు రావట్లేదురా" అని ఇంకా ఇంకా పరిగెత్తి ఆయాసపడ్డాడు. ఈ మందులు వాడుతుంటే వయసు సూత్రం చెల్లదు. ఎంతవరకు వెళ్లాలో డాక్టరే చెప్పాలి. వాచీ కోసం మాత్ర మాత్రం ఆపకండి.

9. రిటర్న్ గడువు లోపల ఈ పరీక్షలు చేయండి

పెట్టె, బిల్లు, ప్లాస్టిక్ కవర్లు పారేయకండి. వాచీ వచ్చిన మూడు రోజుల్లో ఇవన్నీ ముగించండి.

*కూర్చుని.* ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. బొటనవేలు కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి, 30 సెకన్లు నాడి లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. రెండో చేతి వేలికి ఆక్సీమీటర్ పెట్టినా సరే. వాచీకీ దీనికీ ఐదుకు మించి తేడా ఉండకూడదు. ఇది అన్నిటికంటే తేలిక పరీక్ష, ఇందులోనే తప్పితే వెంటనే వెనక్కి పంపండి.

*నిలకడగా.* 20 నిమిషాలు ఒకే వేగంతో పరిగెత్తి, టక్కున ఆగి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఆలస్యం చేస్తే గుండె నెమ్మదిస్తుంది. ఒక్క దెబ్బ తప్పు లెక్కపెట్టినా నాలుగు తేడా వస్తుంది కాబట్టి వాచీతో పది వరకు తేడాను ఓర్చుకోండి.

*ఎగుడుదిగుడుగా.* నిమిషం గట్టిగా, నిమిషం నడక, ఐదుసార్లు. తర్వాత గ్రాఫ్ చూడండి. రంపం పళ్లలా ఎక్కి దిగితే మంచిది. పది, పదిహేను సెకన్లు వెనకబడటం మణికట్టు వాచీలకు మామూలే. పళ్లు లేకుండా గుట్టలా కనిపిస్తే ఆ వాచీ ఇలాంటి వ్యాయామానికి ఒక్కటే సరిపోదు, పట్టీ కలపాలి.

*అడుగుల పరీక్ష.* దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నా మొదటి వాచీ నెమ్మదిగా పరిగెత్తుతున్నా 172 చూపించేది. ఆయాసం లేదు, మాట్లాడుతూనే ఉన్నాను, అయినా 172. రెండు వారాలు పరుగు మానేసి, టెన్షన్‌తో ఈసీజీ తీయించుకున్నాను. డాక్టర్ రిపోర్ట్ చూసి "ఏమీ లేదు, వెళ్లి పరిగెత్తుకోండి" అన్నారు. తర్వాత యాప్‌లో ఇంకో గ్రాఫ్ తెరిస్తే దొరికింది దొంగ: నిమిషానికి నా అడుగులు కూడా 172! వదులుగా ఉన్న వాచీ ప్రతి అడుగుకూ ఎగిరి పడుతుంటే, ఆ తాళాన్నే నాడి అనుకుంది. మీరూ హార్ట్ రేట్, అడుగుల గ్రాఫ్‌లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పది నిమిషాలు రెండు గీతలూ అంటుకుపోయి నడిస్తే అనుమానించండి. ఇంకో గుర్తు: ఆగిన రెండు మూడు సెకన్లలోనే 172 నుంచి 115కి పడిపోతుంది. నిజమైన గుండె అంత తొందరగా దిగదు. బిగించి, పైకి జరిపి, మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు నడిచి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే వెనక్కి పంపేయండి.

*పట్టీతో పోటీ.* గుంపులో ఎవరిదైనా ఛాతీ పట్టీ ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి. దాన్ని మీ ఫోన్‌కి కలిపి, వాచీని దానంతట అది నమోదు చేసుకోనివ్వండి. ఇంటికొచ్చి రెండు గ్రాఫ్‌లు పోల్చండి. ఒక సగటు అంకె పోల్చి మురిసిపోకండి. సగటులు కలిసినా మధ్యలో గీతలు ఎక్కడెక్కడికో పోయి ఉండొచ్చు.

అరటిపండుకు వాచీ కడితే 80 చూపించిందని వీడియోలు వస్తుంటాయి చూడండి, దాన్ని పరీక్ష అనుకోకండి. వెలుగులో ఏదో ఒక లయ కోసం వెతకడమే సెన్సర్ పని, పేరున్న వాచీలు కూడా ఒక్కోసారి పండుకు ప్రాణం పోస్తాయి. మనిషి చేతి మీద ఎలా కొలుస్తుందో చూడాలి.

వాచీ తప్పు కానివి

మే నెలలో మన తీరం ఉక్కలో ఒకే వేగంతో 40 నిమిషాలు పరిగెత్తండి. ఆయాసం పెద్దగా పెరగకపోయినా అంకె పది వరకు పైకి జరుగుతుంది. ఒళ్లు చల్లబరచడానికి చర్మానికి రక్తం పంపాలి, చెమటగా నీరు పోతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. నిద్ర లేని రాత్రి, జ్వరం వచ్చే ముందు రోజు, రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ కూడా అంకె మారుస్తాయి. అలాంటి రోజు వాచీని రీసెట్ చేస్తూ కూర్చోకండి. వేగం తగ్గించి, జోన్ లోపలే ఉండండి.

మూడు నెలలకోసారి కూర్చునే పరీక్ష, ఎగుడుదిగుడు పరీక్ష మళ్లీ చేయండి. సెన్సర్ గాజు మీద ఎండిన చెమట ఉప్పును తడి గుడ్డతో తుడవండి. ఛాతీ పట్టీ అంకెలు ఉన్నట్టుండి ఎగిరి పడుతుంటే ముందు బిళ్ల బ్యాటరీ మార్చి చూడండి, ఆ తర్వాత పట్టీ గుడ్డ. గుడ్డ పట్టీ ఒక్కటే విడిగా దొరికే కంపెనీలు ఉన్నాయి, బిళ్లతో సహా కొత్తది కొనక్కర్లేదు.